ట్యూనర్ కంటే ముందు మేడ మీదికి చూడాలి

సంపాదకులు గారికి నమస్కారం.

ఇంట్లో కూర్చుని పాటలు వినడానికి పనికొచ్చే సాధనాల గురించి గత ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. యాంప్లిఫయర్లకూ స్పీకర్లకూ అంత చోటిచ్చిన వ్యాసకర్త, రేడియో స్టేషన్లను పట్టి యాంప్లిఫయరుకు అందించే ఎఫ్ఎం ట్యూనర్ దగ్గరికి వచ్చేసరికి ఏది కొన్నా పెద్ద తేడా ఉండదన్న అర్థంలో ఒక్క వాక్యం రాసి ముందుకు సాగిపోయారు. ప్రసార టవరు నీడలో ఉండే నగర శ్రోతలకు ఆ మాట చెల్లుతుందేమో. విశాఖ ప్రసారాలనే నమ్ముకున్న మా విజయనగరం, శ్రీకాకుళం శ్రోతలకు మాత్రం అది డబ్బు దండగ చేసే సలహా. ఆ దండగ స్వయంగా పెట్టినవాణ్ని కాబట్టి ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది.

ముందు దూరం సంగతి చెప్పాలి. ఎఫ్ఎం తరంగం మీడియం వేవ్ తరంగంలా నేలను పట్టుకొని పాకదు. దాదాపుగా చూపు ఆనినంత మేరకే పోతుంది. 927 కిలోహెర్ట్జ్ మీద వచ్చే విశాఖ ఆకాశవాణిని పొలం గట్టు మీద పెట్టిన చిన్న ట్రాన్సిస్టర్‌లో విని పెరిగిన మనకు ఈ తేడా తొందరగా మనసుకెక్కదు. వంద మీటర్ల ఎత్తున ప్రసార యాంటెన్నా, తొమ్మిది మీటర్ల ఎత్తున మన మేడ మీద యాంటెన్నా ఉన్నాయనుకుంటే, నడుమ కొండలేవీ అడ్డం లేకపోయినా లెక్క ప్రకారం అందే దూరం సుమారు 53 కిలోమీటర్లు. విశాఖ నుంచి విజయనగరానికి సూటిగా గీత గీస్తే దాదాపు 50, శ్రీకాకుళానికి దాదాపు 100. అంటే మేము గుమ్మంలో నిలబడ్డవాళ్లం, శ్రీకాకుళం వారు వీధిలో ఉన్నారు. గుమ్మంలో ఉన్నవాడికి ఏ ట్యూనరైనా ఒకటే అనడం ఎలా కుదురుతుంది?

నాలుగేళ్ల కిందట అమెరికా నుంచి వస్తున్న మా మేనల్లుణ్ని అడగ్గా అడగ్గా, అక్కడెవరో వాడి అమ్మేసిన డిజిటల్ ట్యూనర్ ఒకటి చీరల మధ్య చుట్టి సూట్‌కేసులో పెట్టుకొని తెచ్చాడు. మంచి పేరున్న కంపెనీదే. అది 120 వోల్టులకు తయారైన సరుకు కావడంతో, మన 230 వోల్టుల కరెంటుకు నేరుగా తగిలిస్తే కాలిపోతుందని, ఇటుకంత బరువున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ విడిగా కొన్నాను. మీట నొక్కగానే 98.3 మెగాహెర్ట్జ్ మీద వచ్చే విశాఖ స్టేషన్ చక్కగా పలికింది. 102 మీద ఉన్న ఆకాశవాణి రెయిన్‌బో కోసం నొక్కితే మాత్రం అంకె 101.9 నుంచి 102.1కి దూకింది తప్ప నడుమ ఆగలేదు. రెండు చోట్లా మాట వినిపిస్తోంది గాని, 'స' అన్న అక్షరం వచ్చినప్పుడల్లా గుడ్డ చిరిగినట్టు బరబరమంటోంది. యంత్రమే చెడిందనుకొని మెకానిక్‌ను పిలిచాను. ఆయన మూత విప్పి, దుమ్ము దులిపి, రెండు వందలు పుచ్చుకొని వెళ్లారు.

చివరికి తేలిందేమిటంటే, అమెరికాలో స్టేషన్లను 0.2 మెగాహెర్ట్జ్ ఎడంతో, బిందువు తరవాత బేసి అంకె వచ్చేలాగే కేటాయిస్తారు. మన దగ్గర అంకెలను 0.1 ఎడంతో ఇస్తారు కాబట్టి 102.0 వంటి అంకెలూ ఉంటాయి. కొన్ని ట్యూనర్లకు ఈ ఎడాన్ని మార్చుకొనే మీట వెనకవైపు ఉంటుంది. మా దానికి లేదు. అంతటితో అయిపోలేదు. స్టేషన్ వారు హెచ్చు స్వరాలను కాస్త పెంచి పంపుతారు, రిసీవరు వాటిని తిరిగి అదే కొలతలో దించుతుంది, ఆ దించడంలో బుసబుస చప్పుడు కూడా అణుగుతుంది. ఆ కొలత మనకు 50 మైక్రోసెకన్లు, అమెరికాకు 75. అక్కడి ట్యూనర్‌లో ఇక్కడి ప్రసారం వింటే 10 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు 3 డెసిబెల్స్ అదనంగా తగ్గిపోతాయి. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఒకప్పుడు ప్రిన్సిపాలుగా ఉన్న సంగీత కళాశాల గల ఊళ్లో, సినిమా పాటలోని వయొలిన్లయినా సరే, జలుబు చేసినట్టు వినిపిస్తే చెవి ఒప్పుకోదు. జపాన్‌లో అమ్ముడైన పాత ట్యూనర్లతో ఇంకో తంటా: అవి 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకే పట్టుకుంటాయి కాబట్టి 98.3, 102 వాటి ముల్లుకు అందవు. ఇంటర్నెట్‌లో చవగ్గా కనిపించిన సెకండ్ హ్యాండ్ సరుకుకు డబ్బు కట్టేముందు ఈ మూడూ, అంటే వోల్టేజీ, ట్యూనింగ్ ఎడం, పట్టే అంకెల పరిధి, అడిగి తీరాలి.

మన దేశానికో ఐరోపాకో తయారైన ట్యూనర్ దొరికితే అప్పుడు చూడవలసినది దాని వినికిడి శక్తినీ, పక్క స్టేషన్‌ను దూరం పెట్టే నేర్పునూ. అమ్మేవాళ్లు ఎన్ని స్టేషన్లు గుర్తుపెట్టుకుంటుందో, రిమోట్ ఉందో లేదో చెబుతారు. వాటితో మాకు పని లేదు. పక్క స్టేషన్‌ను అడ్డుకొనే ఫిల్టరును వెడల్పుగానూ ఇరుకుగానూ మార్చుకొనే మీట ఉంటే దానికి పది రూపాయలు ఎక్కువిచ్చినా తప్పు లేదు. రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వని పలికించే మోనో మీట తప్పనిసరిగా ఉండాలి. ఎందుకంటే స్టీరియోను అంతే నిశ్శబ్దంగా వినాలంటే మోనోకు సరిపోయే సిగ్నల్ కంటే వంద రెట్లకు పైగా బలమైనది కావాలి. గుమ్మంలో ఉన్న మాకు స్టీరియో అందిందని చెప్పే ఎర్ర దీపమైతే వెలుగుతుంది గాని వెనకాల వేరుశనక్కాయలు వేయిస్తున్నట్టు చప్పుడు వస్తుంది. మోనో నొక్కితే ఆ చప్పుడు ఒక్కసారిగా తగ్గిపోతుంది. మోనోలో వినడం నామోషీ అనుకొనే మిత్రులకు ఒక్క మాట: 1950లు, 60లలో వచ్చిన మన పాత సినిమా పాటలు మోనోలో రికార్డయినవే.

ఇన్ని చెప్పినా, పది వేలు చేతిలో ఉన్నవాడికి నేనిచ్చే సలహా, ముందుగా యాంటెన్నా పెట్టించుకోమనే. ట్యూనర్‌తో పాటు వచ్చే సన్నని తీగను గోడకు అతికించి, ట్యూనర్‌ను తిట్టుకొనేవాళ్లే ఎక్కువ. 98 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు మూడు మీటర్ల పైచిలుకు కాబట్టి అందులో సగం, అంటే మీటరున్నర గొట్టం కావాలి. పాత దూరదర్శన్ యాంటెన్నా మేడ మీద ఉంది కదా, అదే వాడేస్తాననుకుంటే కుదరదు. దాని గొట్టాలను వేరే కొలతకు కోశారు. నేను మా వీధి వెల్డింగు కుర్రాడి చేత అల్యూమినియం గొట్టాలు కోయించి ఐదు పుల్లల యాంటెన్నా చేయించాను. డిష్ వాళ్లు వదిలేసి వెళ్లిన 75 ఓమ్‌ల కేబులే కిందికి దింపాను. విశాఖ మాకు దక్షిణ నైరుతి దిక్కున ఉంది. నైరుతి మూల ఎత్తుగా ఉంటే మంచిదని వాటర్ ట్యాంకు కూడా అక్కడే కట్టించిన మా ఇంటి పెద్దలు, గొట్టం దాని మీదికెక్కితే అభ్యంతరం చెప్పకపోగా సంతోషించారు. నేను స్తంభాన్ని గుప్పెట పట్టుకొని కొంచెం కొంచెంగా తిప్పుతుంటే, కింద గదిలోంచి మా ఆవిడ 'ఇంకాస్త, ఇంకాస్త, అయ్యో దాటిపోయింది' అని కేకలు వేస్తుండగా, ఒకచోట అప్పటిదాకా మిగిలిన బరబర హఠాత్తుగా తెగిపోయింది. ట్యూనింగ్ ఎడంతో సంబంధం లేకుండా, కొండల మీద పడి తిరిగి వచ్చే రెండో తరంగం కూడా ఇటువంటి బరబర పుట్టిస్తుంది. ఒకే దిక్కు వినే యాంటెన్నా దాన్ని చాలావరకు లోపలికి రానివ్వదు. గొట్టాలను అడ్డంగా పెట్టాలా నిలువుగా పెట్టాలా అన్నది రెండు విధాలా పెట్టి, విని తేల్చుకోవాలి. స్తంభాన్ని వంచి కిందికి దింపే వీలుండాలని, ఎర్త్ కలపాలని 2014లో హుద్‌హుద్‌నూ 2018లో తిత్లీనీ చూసిన జిల్లాల వారికి నేను వేరే చెప్పనక్కర్లేదు.

మా దగ్గరే స్టేషన్లు వస్తే ఈ గొడవ తీరిపోతుంది కదా అని కొందరు అంటున్నారు. 234 పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్ఎం ఛానళ్ల వేలానికి 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది, ఆ జాబితాలో విజయనగరం, శ్రీకాకుళం కూడా ఉన్నాయి. అవి రావాలనే నా కోరిక. కాని ఊళ్లోనే బలమైన స్టేషన్ మొదలైన నాడు, దాని పక్కనే సన్నగా వినిపించే విశాఖ ప్రసారాన్ని నాసిరకం ట్యూనర్ విడదీయలేదు, స్థానిక స్టేషన్‌నే నాలుగు చోట్ల పలికిస్తుంది. మంచి ట్యూనర్ అవసరం అప్పుడు పెరుగుతుందే గాని తగ్గదు.

కాబట్టి మీ ఆదివారం శీర్షికలో ఈసారి ఇటువంటి వ్యాసం వేసినప్పుడు, పెట్టె ధరతో పాటు అది ఏ దేశపు కొలతకు తయారైందో, పాఠకుడు స్టేషన్‌కు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉంటే ఎటువంటి యాంటెన్నా కావాలో కూడా రాయించవలసిందిగా కోరుతున్నాను. మా మేనల్లుడు తెచ్చిన ట్యూనర్, ట్రాన్స్‌ఫార్మర్‌తో సహా, బీరువా మీద ఉంది. 98.3 ఒక్కటి చాలనుకొనేవారు ఎవరైనా ఉంటే వచ్చి ఉచితంగా తీసుకొని వెళ్లవచ్చు.

భవదీయుడు,
ఒక శ్రోత,
విజయనగరం