టూలుబాక్సు నీ దగ్గరే ఉందిగా?

ఒరే బావా,

ఉత్తరం ఆలస్యమైందని తిట్టకు. పది రోజులుగా చేతులనిండా ఎర్ర రంగే. రాత్రి అన్నం తింటుంటే గోళ్లలో ఎరుపు చూసి మా అమ్మ ఆవకాయ అనుకుంది.

మా పాత ట్రాక్టరు, మాసీ ఫెర్గూసన్ 1035 గుర్తుందా? మడ్‌గార్డు మీద కూర్చుని జీడితోటకి వెళ్లేవాళ్లం! 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి షెడ్డు రేకులు ఎగిరిపోయాక అది ఎండకీ వానకీ బయటే పడుంది. ఇంజను బాగుచేయించాను, అదేం పెద్ద కథ కాదు: రింగులు, సీళ్లు, డబ్బులు. అసలు తంటా అంతా రంగుతోనే.

"మాసీ ఎరుపు" అంటే కొట్టువాడు ఆలోచించకుండా ఓ డబ్బా చేతిలో పెట్టాడు. రేకు మీద కొట్టి చూపించాను. నాన్న అటూ ఇటూ తిప్పి, "ఇదేటిరా, గేసు బండకి చక్రాలెట్టినావా? మన బండిది ఇటికరంగు కదేటి!" అన్నాడు. ఆయన కళ్లలో ఉన్నది ఎండకి వెలిసిన రంగురా. కొన్నరోజు రంగు ఆయనకే గుర్తులేదు. వెలిసిన చోట గుడ్డతో రుద్దితే ఎర్రపొడి అంటుకుంటోంది. రంగుని పట్టి ఉంచే జిగురు ఎండకి చచ్చిపోతే మిగిలేది ఆ పొడే.

అందుకని ఎండ తగలని చోటు వెతికాం. మడ్‌గార్డు లైటు పట్టీ విప్పితే దాని కింద రూపాయి బిళ్లంత అసలు ఎరుపు! కిరసనాయిలుతో జిడ్డు తుడిచి, కాంపౌండుతో మెరుగు పెడితే దానిమ్మగింజలా తేలింది.

కాశీబుగ్గ పెయింటరు దాన్ని చూస్తూ నలుపు, పసుపు చుక్కలు గ్రాముల్లో తూచి కలిపాడు. తడి రంగుని నమ్మకూడదట. ప్రతిసారీ రేకు ముక్క మీద కొట్టి, ఆరాకే పక్కన పెట్టి చూడాలి. రాత్రి ట్యూబులైటు కింద అచ్చు గుద్దినట్టు కలిసింది. పొద్దున్న ఎండలోకి తెస్తే మాది నారింజలోకి పోయింది! వేర్వేరు రంగుపొడులతో కలిపినవి ఒక వెలుతురులో కవలల్లా ఉండి, ఇంకో వెలుతురులో పరాయివాళ్లవుతాయి. పైగా ఎరుపు పలచన, అడుగుది దాచదు. బూడిద ప్రైమరు మీద ఒకలా, ఎర్ర ప్రైమరు మీద ఇంకోలా. ఒకే డబ్బారా బాబూ!

గట్టిపడేందుకు హార్డెనరు కలిపిన రంగు కొడుతూ అతను ముక్కుకి తువ్వాలు చుట్టుకున్నాడు. ఆ ఆవిరికి తువ్వాలు అడ్డమేటి? ఊపిరితిత్తులు పాడైపోవా? గొడవపడి మరీ సరైన మాస్కు కొనిచ్చాను.

ఇంక నా ఘనకార్యం విను. మళ్లీ మళ్లీ పోల్చుకోవాలని ఆ రూపాయి బిళ్లకి రోజూ మెరుగు పెట్టాను. నిన్నటికి మొత్తం అరిగి ప్రైమరు బయటపడింది. పెయింటరు నావైపు చూసిన చూపు నీకు రాయలేను.

నువ్వు హాస్టలుకి పోతూ మా ట్రాక్టరు టూలుబాక్సు ఎత్తుకుపోయావు కదా, ఇంకా అటక మీదే ఉందా? చీకట్లో ఉన్నది కాబట్టి దాని మూత లోపలివైపు రంగు బతికే ఉంటుంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు పట్రా. తోమకు, తుడవకు, మీ ఆవిడని అసలు ముట్టుకోనివ్వకు.

నాన్న ఇప్పటికీ అప్పటి డ్రైవరే కొట్టేశాడనుకుంటున్నాడు. గోనెసంచిలో చుట్టి, పెరటి దారిన రా.

నీ
బావ