పల్లవి ఎక్కువ, చరణాలు తక్కువ

ఇల్లినాయ్,
ఆదివారం రాత్రి

అక్కా,

మొన్న ఫోన్‌లో "అంత దూరం వెళ్లి ఏం గడ్డి పీకుతున్నావురా?" అన్నావు. వెనకాల బావ నవ్వు కూడా వినిపించింది. నిజంగా గడ్డే పీకుతున్నాను. అదేంటో ఫోన్‌లో చెప్పబోతే నువ్వు మధ్యలోనే "సరేలే, తిన్నావా" అంటావు కాబట్టి రాస్తున్నా.

దీని పేరు మిస్కాంథస్. తెల్లటి కుచ్చులతో అచ్చం మన రెల్లులా ఉంటుంది. చెరకుకీ జొన్నకీ దగ్గరి చుట్టం. ఎత్తు మాత్రం రెండు నిలువులు. చలికాలానికి పైనంతా ఎండిపోతుంది, కోసేస్తారు. నేలలో పసుపు కొమ్ముల్లాంటివి ఉంటాయి, వేసవికి ముందు వాటి నుంచే మళ్లీ లేస్తుంది. ఏటా విత్తే పని లేదు. అసలు విత్తుదామన్నా గింజ కట్టదు. ఇది రెండు జాతుల సంకరం. ఒకదానికి 38 క్రోమోజోములు, ఇంకోదానికి 76. చెరి సగం ఇస్తే 19, 38 కలిపి 57, అంటే మూడు పంతొమ్మిదులు. మూడేసి చొప్పున ఉన్నవి జతలుగా ఎలా సర్దుకుంటాయి? సర్దుకోవు, అందుకే గొడ్డుపోయింది. కొమ్ములు విరిచి నాటుకోవడమే. అంటే చేనంతా కలిపి లెక్కకు ఒక్క మొక్కే!

దీని ఒక్కో కణంలో సుమారు 700 కోట్ల డీఎన్ఏ అక్షరాలున్నాయి. మనిషి కణంలో ఉన్నవాటికంటే కాస్త ఎక్కువే. గడ్డికెందుకంత అనిపిస్తుందా? జన్యువులు ఎక్కువై కాదు. ఎక్కువ భాగం ఒకే ముక్క వేలసార్లు మళ్లీ మళ్లీ రావడమే. వాటిలో చాలావరకు తమను తామే నకలు తీసుకుని ఇంకోచోట అతికించుకునే రకం. ఇలా చోటు మారే డీఎన్ఏని మొదట మొక్కజొన్నలో కనిపెట్టింది బార్బరా మెక్‌క్లింటాక్. చాలా ఏళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, 1983లో నోబెల్ ఇచ్చారు. ఆ మొక్కజొన్న డీఎన్ఏలో 85 శాతం దాకా ఈ బాపతే అని 2009లో తేలింది.

నా పని ఈ గడ్డిలో వాటి లెక్క తీయడం. అందుకు మొత్తం చదవక్కర్లేదు. ఒక పాటని అక్కడో ముక్క ఇక్కడో ముక్క విన్నావనుకో, పల్లవి పట్టేస్తావు, ఎందుకంటే అదే మాటిమాటికీ వస్తుంది. చరణం ఒక్కసారే కాబట్టి తప్పిపోతుంది. ఇదీ అంతే. డీఎన్ఏలో కొద్ది భాగమే, ఎక్కడపడితే అక్కడ చదువుతాం. ఒకేలాంటి ముక్కలన్నీ కంప్యూటర్ కుప్పలు పోస్తుంది. కుప్ప ఎంత పెద్దదైతే ఆ పల్లవి అంత ఎక్కువన్నమాట. జన్యువులు కావాలంటే ఈ పద్ధతి పనికిరాదు. నాకు కావాల్సింది పల్లవే.

ఇప్పుడు నా ఘనకార్యం విను. లేత ఆకులు కోసి (అంచులు బ్లేడులా ఉంటాయి, చూపుడు వేలికి మూడు గాట్లు), ద్రవ నైట్రోజన్ పోసి కల్వంలో నూరాను. పచ్చటి పిండిలా అయింది. చివర్లో చల్లటి ఆల్కహాల్ పోస్తే డీఎన్ఏ తెల్లటి దూదిపోగులా పైకి తేలింది. అది చూసి మురిసిపోయాను. తర్వాత లెక్కల్లో అన్నిటికంటే పెద్ద కుప్ప ఒకటి వచ్చింది, ఏ పాత పల్లవితోనూ కలవనిది. కొత్తది కనిపెట్టాననుకుని రాత్రంతా నిద్రపోలేదు. పొద్దున్నే మా ప్రొఫెసర్‌కి చూపిస్తే ఆవిడ ఒకటే అడిగింది: "ఆకులోంచి తీశావు కదా, హరితరేణువులని పక్కకు తీశావా?"

తీయలేదు. ఆకుకి పచ్చదనం ఇచ్చే ఆ రేణువులకి సొంత డీఎన్ఏ ఉంటుంది, సుమారు 1,40,000 అక్షరాలు. చిన్నదే, కానీ ఒక్కో కణంలో దాని నకళ్లు వేలల్లో ఉంటాయి. నేను కనిపెట్టింది ఆకు పచ్చగా ఉంటుందనే!

అది తీసేసి మళ్లీ లెక్కేశాను. ఈసారి కుప్పల్లో ఒకటి 137 అక్షరాల ముక్క, ఒకదాని తోక పట్టుకుని ఇంకోటి వరసగా ఉంది. జొన్నలో క్రోమోజోము నడుము దగ్గర ఇలాగే మళ్లీ మళ్లీ వచ్చే ముక్క కూడా 137 అక్షరాలదే. పక్కపక్కన పెట్టి చూస్తే చాలా చోట్ల కలుస్తున్నాయి. ఈసారి మాత్రం ఎవరికీ చూపించకుండా రెండు రోజులు నేనే అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను.

రేపు మళ్లీ ఆకులు కోయాలి. బావకి చెప్పు, ఈసారి తొడుగులు వేసుకునే పీకుతానని.

నీ తమ్ముడు