ఆకురాయి పెట్టే ముందు ఐదు తూటాలు కాల్చి చూడండి

ఎడిటర్ గారికి,

కడప జిల్లాలో లైసెన్సు రివాల్వర్ ఉన్నవాళ్లు ఎన్నికలొస్తే దాన్ని స్టేషన్‌లో అప్పగించి మళ్లీ తెచ్చుకుంటారే గానీ, గురిపెట్టిన చోటే తగులుతుందో లేదో చూసుకునేవాళ్లు తక్కువ. గురి చూసుకోవడానికి గొట్టం మీద ఉండే సైటు కదలని రకమైతే, గుండు కిందికి తగులుతోందని వెంటనే గొట్టం కొసనుండే ముందు సైటుకు ఆకురాయి పెట్టించేస్తారు, నాకు తెలిసిన ఒకాయన అలాగే చేయించి తర్వాత చాలా బాధపడ్డాడు. ముందు సైటు ఎత్తు తగ్గిస్తే గుండు పైకి పోతుంది నిజమే, కానీ అరగదీసింది తిరిగి రాదు. చేతుల్ని ఇసుక సంచిపై ఆనించి, ఎప్పుడూ వాడే రకం తూటాలే ఐదు కాల్చి చూడాలి, ఎందుకంటే బరువు గుండు మామూలుగా కాస్త పైకే తగులుతుంది. ట్రిగ్గర్ గుంజి లాగినా సైటు తప్పులాగే కనిపిస్తుంది! పోలీసులు కాల్పులు సాధన చేసే రేంజిలో ఏడాదికి ఒక్కరోజైనా మాకు అవకాశం ఇవ్వాలని ఎస్పీ గారిని కోరుతున్నాను.

ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు