‘వాడి గుణమే అంత’ అని వదిలేయకండి

సంపాదకుడు గారికి,

మా తమ్ముడు చిన్నప్పటి నుంచీ భయస్తుడు. పరీక్ష అంటే అన్నం ముట్టేవాడు కాదు. బోరు ఎండిపోయిన ఏడాది నుంచి నిద్ర పోయింది, నలుగురిలోకి రావడం మానేశాడు. ‘వాడి గుణమే అంత’ అన్నాం. ఆ మాట అందరికంటే ఎక్కువసార్లు అన్నది నేనే. ఆసుపత్రికి తీసుకువెళ్ళేసరికి మూడేళ్ళు గడిచాయి. అక్కడేమో జబ్బు పేరు రాసి మందులిచ్చారు గానీ, మొదటి నుంచీ ఎటువంటి మనిషి అని ఒక్కరూ అడగలేదు.

గుణం వేరు, జబ్బు వేరు అని గీత గీయడం దగ్గరే ఇంట్లో మేమూ, ఆసుపత్రిలో వారూ పొరపడ్డాం. చిన్న ఒత్తిడికే కలత పడే స్వభావం ఉన్నవారిలో ఆందోళన, కుంగుబాటు ఎక్కువగా కనిపిస్తాయి, తరచూ రెండూ కలిసే వస్తాయి. నిగ్రహం తక్కువైన స్వభావానికి మద్యం వంటి వ్యసనాలతో అలాంటి సంబంధమే ఉంది. అందుకే 2017లో కొందరు పరిశోధకులు రుగ్మతలను విడివిడి పెట్టెల్లో సర్దకుండా, కలిసి వచ్చే లక్షణాలను బట్టి, వాటి తీవ్రతను బట్టి వర్గీకరించాలని ప్రతిపాదించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమల్లోకి తెచ్చిన వర్గీకరణ కూడా వ్యక్తిత్వ రుగ్మతల పాత పేర్లను చాలావరకు పక్కనపెట్టి, ముందు తీవ్రతను చూడమంటోంది.

నల్లగొండ వారికి ఇది అర్థం కాని విషయం కాదు. ఫ్లోరైడ్ నీళ్ళు ఒకరి పళ్ళ మీద మచ్చగా మిగిలాయి, మరొకరి ఎముకలనే వంచాయి. మచ్చ కనిపించిన రోజే నీళ్ళు మార్చాలని మనం ఎంత ఆలస్యంగా తెలుసుకున్నామో!

భయస్తులందరికీ జబ్బు వస్తుందని నేను అనడం లేదు. ఆ ముద్ర వేస్తే పిల్లలకు మరో అన్యాయం చేసినట్టే. స్వభావం ఒక మొగ్గు మాత్రమే. దానికి అప్పో, పాలమూరు ఇళ్ళను ఖాళీ చేసే వలసో, ఒంటరితనమో తోడైనప్పుడు ఎవరైనా గమనించాలి. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలకు ఈ మేరకు శిక్షణ ఇవ్వాలి. ‘ఈయన మొదటి నుంచీ ఇంతేనా, ఈ మధ్య ఏమైనా మారిందా?’ అని వారు అడిగితే చాలు, ఇంట్లోవాళ్ళు ఆలోచనలో పడతారు.

ఉచిత మానసిక సహాయం కోసం టెలి మానస్ 14416 సంఖ్య 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది. మా ఊరి ఆరోగ్య ఉపకేంద్రం గోడ మీద దోమల గురించి రాశారు, టీకాల గురించి రాశారు. ఆ అయిదు అంకెలకు కూడా అక్కడ చోటివ్వాలని జిల్లా అధికారులను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మిర్యాలగూడ