రవాణా మంత్రి గారూ, మా ఆటోకి ఎఫ్‌సీ ఎక్కడ చేయించాలో కాస్త మీరే చెప్పండి

గౌరవనీయులైన రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. మాది శ్రీకాకుళం జిల్లా కంచిలి. ఓనర్ కం డ్రైవర్‌ని, సోంపేట రైల్వే స్టేషన్ బయట స్టాండ్‌లో ఆటో పెడతాను (స్టేషన్ పేరు సోంపేట, ఉన్నది మా కంచిల్లో, దానికి కూడా ఎప్పుడో ఒక లేఖ రాయాలి). ఆటో ఎఫ్‌సీ (బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేసే సెంటర్ మాకు అందుబాటులో లేదని కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చాం, స్టాండ్ తరఫున రవాణా ఆఫీసులో సంతకాలు పెట్టిన కాగితం ఇచ్చాం, మా వైపు వచ్చిన పెద్దలందరికీ దండ వేసినప్పుడల్లా దండతో పాటు చేతిలో కాగితం కూడా పెట్టాం. ఎవరూ పలకలేదు. అందుకే అందరూ చదివేలా ఇలా రాస్తున్నాను, తప్పుగా అనుకోకండి. అనుకున్నా పర్లేదు గానీ చివరిదాకా చదవండి.

ఎఫ్‌సీ ఎందుకు, ఇప్పుడు బండిని సెంటర్‌లో మిషన్ మీద పెట్టి చూసే టెస్ట్ ఎందుకు అని నేను అడగట్లేదు. మిషన్ మీద బ్రేకు చూస్తే మంచిదే. ఇదివరకు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు బండి చుట్టూ ఒక రౌండ్ వేసి, హారన్ కొట్టమని, లైట్ వెయ్యమని, సరే పో అనేవారు, దాంట్లో ఏ మాత్రం పరీక్ష ఉండేదో మీకూ తెలుసు మాకూ తెలుసు. ఆ పద్ధతే మళ్ళీ కావాలని ఏడవట్లేదు సార్. ఆ మిషన్ ఎక్కడ పెట్టారు అన్నదే నా గోల.

ఆన్‌లైన్‌లో స్లాట్ బుక్ చేసేటప్పుడు సెంటర్ ఎంచుకోమంటది. అక్కడ కనపడేది నడిపే కంపెనీ పేరు, అదీ ఇంగ్లీషులో పొడవుగా ప్రైవేట్ లిమిటెడ్ అని. అది ఏ ఊళ్ళో ఉంది, హైవే పక్కనా, లోపలికి పోవాలా, ఆటోలకి చేస్తారా లేకపోతే లారీలకి మాత్రమేనా, ఏ రోజు మూసి ఉంటది, ఏటీ ఉండదు. మా ఊరి నెట్ సెంటర్ కుర్రాడు చాలా తెలివైనోడు, రేషన్ కార్డు దగ్గర్నుంచి పాస్‌పోర్ట్ దాకా అన్నీ చేసేస్తాడు, వాడే చేతులెత్తేశాడు. అన్నా ఏ సెంటర్ పెట్టమంటావు అంటాడు, నాకేం తెలుసురా అంటాను, నీకు తెలీకపోతే నాకేం తెలుసు అంటాడు. మ్యాప్‌లో కొట్టి చూస్తే బాణం తీసుకెళ్ళి ఎవరిదో పొలం మధ్యలో గుచ్చింది. ఫోన్ నెంబర్ అని ఒకటి దొరికింది, రింగ్ అవుద్ది, ఎత్తరు. చివరికి పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలకి లోడ్ తెచ్చే లారీ డ్రైవర్ ఒకాయన టీ కొట్టు దగ్గర కలిసి, ఫలానా చోట ఫలానా పెట్రోల్ బంకు దాటాక రేకుల షెడ్డు ఉంటది తమ్ముడూ అని చెప్పాడు. మొత్తం డిపార్ట్‌మెంట్ చెప్పలేనిది ఆయన ఒక టీ తాగే టైములో చెప్పేశాడు, ఆయన్ని అయినా మీ దగ్గర ఉద్యోగంలో పెట్టుకోండి సార్.

అడ్రస్ దొరికింది కదా ఇంకేటి అంటారేమో. అది జిల్లా కేంద్రం వైపు ఉంది సార్. కంచిలి నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్ల పైమాటే. కారులో వెళ్ళేవాళ్ళకి అదొక దూరం కాదు, పాటలు వింటూ వెళ్ళిపోతారు. మూడు చక్రాల డీజిల్ ఆటో తోలుకుంటూ ఎన్‌హెచ్ 16 మీద పలాస, టెక్కలి, కోటబొమ్మాళి, నరసన్నపేట, మడపాం దాటి వెళ్ళాలి. నలభై స్పీడులో పోతుంటే పక్కనుంచి ట్రైలర్ లారీ దాటిందంటే ఆ గాలికి బండి ఇటు ఊగి అటు ఊగి గుండె నోట్లోకి వస్తది. ఆటో అనేది ఊళ్ళో తిరగడానికి చేసిన బండి, స్టేషన్ నుంచి సంతకి, సంత నుంచి ఆస్పత్రికి. దాన్ని హైవే మీద ఒక పూట మొత్తం తోలమని, తోలి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో లేదో చూపించుకోమని అంటున్నారు. అక్కడిదాకా ప్రాణాలతో వచ్చిందంటేనే బండి కండిషన్‌లో ఉన్నట్టు కాదా, అక్కడే స్టాంప్ వేసి పంపించొచ్చు కదా. మూడు చక్రాల బండికి టోల్ లేదు, అదొక్కటే మాకు దక్కిన అదృష్టం. మా పైన ఇచ్ఛాపురం వాళ్ళ సంగతి ఇంకా ఘోరం, వాళ్ళకి ఒడిశా బరంపురం పాతిక కిలోమీటర్ల దగ్గర, సొంత జిల్లా సెంటర్ మాత్రం నూట ముప్పై దాకా అవుద్ది.

తెల్లారగట్ల చీకట్లో బయలుదేరి వెళ్ళాను. వెళ్తే గేటు దగ్గర కుర్రాడు కాగితం చూసి, త్రీ వీలర్ బ్రేక్ చూసే మిషన్ ఇవాళ పనిచేయట్లేదు అన్నాడు. నిన్న రాత్రి మెసేజ్ అయినా పెట్టొచ్చు కదయ్యా అంటే, మాకు మీ నెంబర్లు కనపడవు సార్ అన్నాడు. ఫీజు కట్టేటప్పుడు ఓటీపీ మాత్రం సరిగ్గా నా నెంబర్‌కే వచ్చింది. పోనీ రేపు చేస్తారా అంటే రేపటి సంగతి రేపు, మళ్ళీ స్లాట్ తీసుకోవాలి అన్నాడు. ఆ కుర్రాణ్ణి ఏమీ అనలేం, వాడూ జీతం మనిషే. అక్కడ నాలాంటి వాళ్ళు చాలామంది ఉన్నారు, మందస నుంచి ఒక పెద్దాయన, పాతపట్నం వైపు నుంచి ఇద్దరు, అందరిదీ ఒకటే మొహం. మే, జూన్‌లో అయితే అసలు ఆ వైపు చూడక్కర్లేదు, స్కూల్ బస్సుల ఎఫ్‌సీలన్నిటికీ మే 15తో గడువు తీరిపోతుంది కాబట్టి స్లాట్లన్నీ వాళ్ళే, ఆ పిల్లల బండ్లు ముందు చూడాల్సిందే, దాంట్లో నాకు పేచీ లేదు, కానీ జిల్లా మొత్తం బండ్లకి అదే రేకుల షెడ్డు అంటే ఎలా.

తర్వాత స్లాట్ దొరికేలోపు నా ఎఫ్‌సీ గడువు దాటిపోయింది. ఇక్కడ నుంచి మీ రూల్స్ అందం చూడండి. గడువు దాటితే రోజుకి 50 రూపాయలు అదనం. మిషన్ పాడైంది మీ సెంటర్‌ది, రోజుకి 50 కట్టేది నేను. ఎఫ్‌సీ లేని బండి రిజిస్ట్రేషన్ కూడా లేనట్టే అని మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 56 చెప్తుంది కాబట్టి స్టాండ్‌లో పెట్టి బేరాలు తోలకూడదు, సరే తోలను. కానీ ఎఫ్‌సీ చేయించాలంటే ఎఫ్‌సీ లేని ఆ బండినే వంద కిలోమీటర్లు రోడ్డు మీద తోలుకెళ్ళాలి. దారిలో ఆపారు. స్లాట్ కాగితం చూపించాను. ఇది స్లాట్ అమ్మా, ఎఫ్‌సీ కాదు అన్నారు ఆ ఎస్సై గారు, ఆయన చెప్పిందీ నిజమే కదా. చలానా రాశారు. ఇంటికొచ్చాక నెట్ సెంటర్ కుర్రాడు, ముందు ఆ చలానా క్లియర్ చెయ్యి అన్నా అప్పుడు చూద్దాం అన్నాడు. దారిలో ఏదైనా యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్ళు ఎఫ్‌సీ లేదని చేతులు దులుపుకుంటారు, అది తలుచుకుంటే రాత్రి నిద్ర పట్టదు. ఆటోని ఇంకో బండి మీదెక్కించి తీసుకెళ్ళమంటారా? అద్దె కనుక్కున్నాను కూడా. చెప్తే మీరే నవ్వుతారు.

ఇంకో మాట చెప్పాలి. మాది ఉద్దానం అని మీకు తెలుసు, కిడ్నీ జబ్బుల గురించి మీ ప్రభుత్వాలు మారినా మారకుండా అందరూ మాట్లాడతారు. నా ఆటోలో రెగ్యులర్‌గా ఎక్కేవాళ్ళలో డయాలసిస్ వాళ్ళు ఉన్నారు. వారానికి రెండు మూడు సార్లు, ఒకరు సోంపేటకి, ఒకరు పలాసకి. డయాలసిస్ అయ్యాక మనిషి నిలబడలేడు సార్, బస్సు కోసం నిలబడు అంటే ఎక్కడ నిలబడతాడు, వాళ్ళకి తెలిసిన ఆటో, తెలిసిన డ్రైవర్ కావాలి, చెయ్యి పట్టుకుని దించేవాడు కావాలి. నేను ఎఫ్‌సీకని పోయిన రోజు, బండి ఇంట్లో పెట్టుకున్న రోజుల్లో, వాళ్ళని ఇంకో ఆటోకి అప్పజెప్పాను, ఆ ఆటో వాడికీ గడువు దగ్గర పడతంది. ఒక ముసలమ్మ అడిగింది, నీ బండికేటైంది బాబూ బాగానే తిరుగుతంది కదా అని. ఆమెకి నేను ఏ సెక్షన్ చెప్పాలి.

కేంద్రం ఈ ఆటోమేటెడ్ టెస్టింగ్ రూల్ 2021లో తెచ్చింది. పెద్ద బండ్లకి 2023 ఏప్రిల్ 1 అన్నారు. సెంటర్లు రెడీ కాలేదని 2024 అక్టోబర్ 1 అన్నారు. గడువు మీద గడువు, ఎవరూ ఎవరికీ రోజుకి 50 కట్టలేదు. 2025 నవంబర్‌లో ఫీజులు పెంచడానికి మాత్రం ఎవరూ గడువు అడగలేదు, పదేళ్ళు దాటితే ఒక రేటు, పదిహేనేళ్ళు దాటితే ఒక రేటు, ఇరవై దాటితే ఇంకో రేటు. నా బండి ఎనిమిదేళ్ళు దాటింది, కాబట్టి ఇదివరకులా రెండేళ్ళకి ఒకసారి కాదు, ఏటా ఈ యాత్ర చెయ్యాలి. తిరుపతికి కూడా ఏటా వెళ్ళలేకపోతున్నాం సార్.

డబ్బులు ఇవ్వలేదా అంటారు. ఇచ్చారు, కాదనను. 2019లో వాహన మిత్ర అని పదివేలు ఇచ్చారు, ఇన్సూరెన్సుకి ఎఫ్‌సీకి రిపేర్లకి అని చెప్పే ఇచ్చారు. 2025 అక్టోబర్‌లో ఆటో డ్రైవర్ల సేవలో అని 15,000 ఇచ్చారు. చేతులెత్తి దండం. అందులో పోయేది ఎంతో మీరే లెక్కేయండి, ఫీజు, అదనం, రానూపోనూ డీజిల్, రెండు మూడు రోజుల బేరం, చలానా, ఆ సెంటర్ బయట హోటల్‌లో భోజనం. మీరు కుడి చేత్తో ఇచ్చింది మీ డిపార్ట్‌మెంటే ఎడం చేత్తో పట్టుకుపోతంది. ఆ 15,000 తగ్గించైనా సరే పలాసలో ఒక మిషన్ పెట్టండి అంటే మా స్టాండ్‌లో సగం మంది సరే అంటారు. మిగతా సగం నన్ను కొడతారు, అది వేరే సంగతి.

మన మిత్ర అని వాట్సాప్‌లోనే అన్ని సేవలు ఇస్తున్నామని చెప్తున్నారు, సర్టిఫికెట్లు ఫోన్‌లోకే వస్తున్నాయి, బాగుంది. నా బండి ఫోటో వాట్సాప్ చేస్తే బ్రేకులు చూసేస్తారా? చూడరు కదా. కొన్ని పనులకి మనిషి దగ్గరకి ఆఫీసు రావాలి సార్, ఇది అలాంటిది.

సోమవారం ఇచ్చిన అర్జీ సంగతి కూడా చెప్తాను. కొన్నాళ్ళకి మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడింది అని. సంతోషంతో ఆఫీసుకి ఫోన్ చేశాను. ఏటి పరిష్కరించారు సార్ అంటే, ఆన్‌లైన్‌లో స్లాట్ బుక్ చేసుకోవలసిందిగా అర్జీదారుకి సూచించడమైనది అని రాసి మూసేశారంట. సూచించినవాళ్ళు ఏ సెంటరో కూడా సూచిస్తే ఆ ముక్క అయినా దక్కేది.

ఇప్పుడు మేం అడిగేది. పలాసలోనో టెక్కలిలోనో ఒక సెంటర్ పెట్టండి. పెట్టడానికి టైమ్ పడుతుంది, ప్రైవేటు వాళ్ళు రావాలి, స్థలం చూడాలి, టెండర్లు అవి ఇవి అంటారు, తెలుసు. అందాకా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గార్లని వారానికి ఒక రోజు సోంపేటకో పలాసకో పంపించి ఆటోలకి, చిన్న ట్రాలీలకి అయినా చూడనివ్వండి. లైసెన్స్ మేళాలు పెట్టేవారు కదా, ఎఫ్‌సీ మేళా పెట్టండి, టెంటు కుర్చీలు మేమే వేస్తాం, మధ్యాహ్నం భోజనం కూడా మేమే. అది కూడా కుదరదు అంటే స్లాట్ కాగితం చూపిస్తే ఆ రోజు దారిలో చలానా రాయొద్దని పోలీసు వాళ్ళకి ఒక ఆర్డర్ ఇప్పించండి. సెంటర్‌లో మిషన్ చెడిపోతే ఆ రోజు నుంచి మళ్ళీ స్లాట్ ఇచ్చేదాకా ఆ 50 లెక్క ఆపేయండి. ముందు రోజు మెసేజ్ పెట్టమనండి. ఏదీ కుదరకపోతే, ఏ సెంటర్ ఏ ఊళ్ళో ఉంది, ఏ బండ్లకి చేస్తారు, ఏ ఫోన్‌కి ఎత్తుతారు అన్నది తెలుగులో ఒక కాగితం మీద రాయించి ప్రతి మండల ఆఫీసు గోడకీ అంటించండి, దానికి టెండర్ కూడా అక్కర్లేదు, మైదాపిండి చాలు. పలాసలో సెంటర్ సంగతి మాత్రం మర్చిపోకండి సార్, అన్నిటికన్నా ముందు అదే.

మీరు ఈ వైపు ఎప్పుడొస్తారో తెలియదు. వస్తే కాన్వాయ్ పక్కన పెట్టి పలాస నుంచి శ్రీకాకుళం దాకా ఒక్కసారి నా ఆటోలో రండి. కిరాయి వద్దు. ఎఫ్‌సీ ఉంటేనే అనుకోండి.

ఇట్లు,
కంచిలి ఆటో స్టాండ్ నుంచి
ఒక ఓనర్ కం డ్రైవర్

ఈ లేఖ ప్రింట్ తీసి సోమవారం గ్రీవెన్స్‌లో మళ్ళీ ఇస్తున్నాం. ఈసారి మూసేసే ముందు ఒక ఫోన్ చెయ్యమనండి, అర్జీ మీద నెంబర్ రాసే ఉంటది.