గడియారం సెంటర్ మెకానిక్ గారికి కృతజ్ఞతలు

పగలు ఉద్యోగం, రాత్రి సంగీతం నాది. ఏడు తీగల గిటార్‌తో హెవీ మెటల్ రిఫ్‌లు (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న బాణీలు) వాయించి, వాటి కింద సింథసైజర్ మోతలు పరుస్తుంటాను. మా ఇంట్లో దాన్ని పాటని ఎవరూ ఒప్పుకోరు, అది వేరే సంగతి.

మొన్న శనివారం రాత్రికి స్నేహితుడి షార్ట్ ఫిల్మ్‌కు ట్రాక్ ఇవ్వాలి. సాయంత్రం, గిటార్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపే పెట్టె, ఆడియో ఇంటర్‌ఫేస్, ఆగిపోయింది. టెన్షన్‌తో నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర టీవీలు బాగుచేసే షాపుకు పరుగెత్తాను. పెద్దాయన షట్టర్ సగం దించేశారు. నా ముఖం చూసి మళ్లీ ఎత్తారు.

భూతద్దంలో చూసి, యూఎస్‌బీ సాకెట్ నాలుగు కాళ్లలో ఒకదాని సోల్డరింగ్ చిట్లిందని పట్టేశారు. పది నిమిషాల్లో అతికించారు. అంతటితో వదల్లేదు. "పెట్టు బిడ్డా, ఇందాం" అని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకున్నారు.

"మిక్సీల కంకర ఏసినట్టున్నది గానీ, ఎనక సన్నగ గుయ్యిమంటున్నది సూడు."

నిజమే, 50 హెర్ట్జ్ కరెంటు హమ్! గిటార్ మోతను గరుకుగా మార్చే డిస్టార్షన్ దాన్నీ పెంచేస్తుంది. కిందికి దించి శ్రుతి చేసిన నా మందపు తీగ 55 హెర్ట్జ్, దాని మోతలో హమ్ కలిసిపోయి నా చెవికి అందలేదు. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి మళ్లీ రికార్డు చేయమన్నారు. హమ్ పోయింది.

ఐదు వందలిస్తే యాభై తీసుకున్నారు. పెద్దాయనా, ట్రాక్ రాత్రి పదకొండున్నరకు పంపేశాను. మీకు చాలా థాంక్స్.