మంచిర్యాల లాడ్జిలో ఉన్న నా బిడ్డకు

బిడ్డా,

"పని బాగనే అయిందమ్మా, రూముకొచ్చి తాళం తీయంగనే ఏడుపొస్తుంది" అన్నవు రాత్రి. ఫోన్లో తెగే మాట కాదిది. అందుకే హన్మకొండ రూములో కూసుని రాస్తున్న. పొద్దున ఫొటో తీసి వాట్సాప్‌ల పెడత. నాన్నకు మాత్రం చెప్పలేదు, చెప్తే ఆయన ఆ రాత్రికే బస్సెక్కుతడు.

పని చేతకాక అట్లనిపిస్తుందేమో అనుకోకు. డయాలసిస్ మిషన్ విప్పి బిగించిన అలసటే అయితే ఇంత తిని పండుకుంటే పోతది. ఇది వేరే. పొద్దటి నుంచి తెలియనోళ్ల నడుమ ఉంటవు. డాక్టరుకు ఒక తీరుగా, టెక్నీషియనుకు ఒక తీరుగా, బయట బెంచీల మీద ఎదురుచూసే పేషెంట్ల ఇంటోళ్లకు ఇంకో తీరుగా జవాబు చెప్పాలె. ఒక్కొక్కరికి దాదాపు నాలుగు గంటలు పడుతదని నువ్వే చెప్పినవు. మిషన్ ఆగితే ఎవరెవరి టైము తప్పుతదో ఆ లెక్క నీ తలల తిరుగుతనే ఉంటది.

నాకూ అంతే. ఇన్‌స్పెక్షన్‌కు పోతే బ్యాంకు బ్రాంచిల ఎవ్వరూ నాతోని మామూలుగ మాట్లాడరు. గోల్డ్ లోన్ ప్యాకెట్లు విప్పించి తూకం వేయిస్తుంటే మేనేజరు, బంగారం పరీక్షించే అప్రైజరు ఇద్దరూ నా మొఖం దిక్కే చూస్తరు. నేను నవ్వినా ఒక అర్థం తీస్తరు, నవ్వకున్నా ఒక అర్థం తీస్తరు. పొద్దుగూకేసరికి కాళ్లకన్నా ముందు మొఖం అలసిపోతది.

అందుకే చెప్తున్న, రూముకు పోంగనే మంచం మీద కూసోకు. బ్యాగు పెట్టి, కాళ్లు మొఖం కడుక్కొని, బట్టలు మార్చుకొని బయటకు నడువు. మంచం మీద ఒరిగినవంటే ఫోను చేతికొస్తది, చూస్తుండంగనే తొమ్మిదైతది, ఇగ తినబుద్ధి కాదు.

నేను ఉన్న గల్లీ మూల మీద ఒకామె జొన్నరొట్టెలు చేస్తది. నిలబడే తింట. "అక్కా, ఇంకోటెయ్యాల్నా?" అంటది. ఆమెకు నేను ఇన్‌స్పెక్షన్ మేడంను కాదు, ఆకలైన మనిషిని. ఆ ఒక్క పిలుపుతోని భుజాలు దిగుతయి. ఇది మిర్చి సీజను, ఎనుమాముల మార్కెట్ దిక్కు పోతే గాలికే దగ్గొస్తది. సరుకు దించి వచ్చిన రైతులు కూడా ఆడనే తినుకుంట రేటు గురించి మాట్లాడుకుంటరు. పగలంతా కాయితాల మీద చూసిన క్రాప్ లోన్లు మనుషులై పక్కన నిలబడ్డట్టుంటది. ఈసారన్న వీళ్లకు మంచి రేటు రావాలె దేవుడా అని గట్టిగ అనుకుంట. నీకూ మంచిర్యాలల అసొంటి చోటొకటి దొరకాలె. స్టేషన్ కాడ టీ కొట్టయినా సరే, రోజూ అక్కడికే పో. వాళ్లు నిన్ను గుర్తుపట్టాలె.

పై అంతస్తు రూము ఇస్తే వద్దను. మే నెలల మీ దిక్కు ఎండలు 45 డిగ్రీలు దాటుతయి, పగలు కాగిన స్లాబు నడిరాత్రి దాకా సెగ కక్కుతది. కింది అంతస్తు అడుగు, మొహమాటం వద్దు. లోపలి గడియ సరిగ్గ పడుతదో లేదో పెట్టె విప్పకముందే చూసుకో.

మొదటి రాత్రి నిద్ర పట్టకపోతే భయపడకు. కొత్త చోట మొదటి రాత్రి మెదడుల ఎడమ భాగం సగం మేలుకొనే ఉంటదని 2016ల అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీ వాళ్లు పరీక్షలు చేసి రాసిండ్రు. మన ఒళ్లు మనల్ని కాపాడుకునే తీరే అది. అందుకే వీలున్నప్పుడల్లా రూము మార్చకుండ అదే లాడ్జిల ఉండు.

ఏడుపొస్తే ఏడువు, ఆపుకోకు. కానీ తిన్నంక నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా ఎత్తుత.

శనివారం మధ్యాహ్నానికి నా పని ఒడుస్తది. నువ్వు మంచిర్యాలల రైలెక్కి కాజీపేటల దిగు, నేనొస్త స్టేషన్‌కు. వెయ్యి స్తంభాల గుడికి పోదాం. రుద్రదేవుడు 1163ల కట్టించిన గుడి అది. నీ చిన్నప్పుడు పోయినప్పుడు కల్యాణ మండపం రాళ్లన్నీ విప్పి పెట్టి ఉండె, యాదికుందా? మళ్ల నిలబెట్టి 2024 శివరాత్రికి తెరిచిండ్రు. చూసుకొని ఇద్దరం కరీంనగర్ బస్సెక్కుదాం. ఉతికే బట్టలన్నీ సంచిల వేసుకొని రా, నాన్న సర్వపిండి చేస్త అన్నడు.

అమ్మ